పాత హోటల్లో భోజనం, సరస్సు ఒడ్డున నిద్ర

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీ వైపు టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కితే దారిలో పూరీ గేట్ వస్తుంది. కింద రైలు పట్టాలు, పైన ఫ్లైఓవర్. ఆ పట్టాలు హిజ్లీ మీదుగా దక్షిణానికి తిరిగి బాలాసోర్, భద్రక్, కటక్, భువనేశ్వర్ దాటి ఖుర్దా రోడ్ జంక్షన్ చేరతాయి. అక్కడ లైను రెండుగా చీలుతుంది. ఒకటి పూరీ వెళ్ళి సముద్రం దగ్గర ఆగిపోతుంది. రెండోది చిలికా సరస్సు ఒడ్డంట నడిచి బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్ మీదుగా మన వైపు వస్తుంది. గేటుకు పూరీ పేరున్నా, దాని కింద నుంచి పోయే బళ్ళలో చాలావాటికి పూరీతో పని లేదు. మా ప్రయాణంలో పేచీ కూడా సరిగ్గా ఆ చీలిక దగ్గరే వచ్చింది. పూరీలో రైల్వే వాళ్ళు తెరిచిన పాత హోటల్లో దిగాలా, చిలికా ఒడ్డున బస చేయాలా?

పేచీ పడ్డది మా మావయ్య, అత్తయ్య. పూరీ గేట్ దగ్గర ఝపేటాపూర్‌లో వాళ్ళ ఇల్లు. మావయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలో ఇక్కడికి వచ్చి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అందులోనే రిటైరయ్యాడు. ఈ ఊళ్ళో అలాంటి కథ ప్రతి సందులోనూ ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) 1887లో పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదలవుతుండగా ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు వెలిసింది. 1902లో తూర్పు తీరపు లైనులో ఉత్తర భాగం, పూరీ శాఖతో సహా, ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర పల్లెలకూ ఖరగ్‌పూర్ షాపులకూ మధ్య ఒకే కంపెనీ పట్టాలు పరుచుకున్నాయి. ఖలాసీలు, ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, గార్డులు తరాల తరబడి ఆ దారినే వచ్చారు. ఇవాళ బాలాజీ మందిర్ పల్లి అని ఒక పేటే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కూడా ముఖ్యంగా ఈ ఊరి తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకునే.

మావయ్య కోరిక ఒక్కటే. పూరీ బీఎన్ఆర్ హోటల్లో ఒక రాత్రి పడుకోవాలి.

"సర్వీసంతా షాపులో గ్రీజు పూసుకున్నానురా. ఆ హోటలు మా కంపెనీదే. ఆఫీసర్లు ఎల్లీవోరు, దొరలు ఎల్లీవోరు. పూరీ ఎల్లినప్పుడల్లా మేం హాలిడే హోంలో దిగి, సాయంత్రం పూట దాని గేటు ముందునుంచి నడిచీవోళ్ళం. ఒక్క రేతిరి లోపల పడుకుంటే తప్పేటి?"

అత్తయ్య లెక్క వేరు. "దొరల మంచం మీద పడుకుంటే దొరలమైపోతామేటి? పూరీ ఎన్నిమార్లు చూసినాం! పెళ్ళయి వచ్చిన కాడ్నుంచీ ఊరెల్లినప్పుడల్లా ఆ చిలకా నీళ్ళు రైలు కిటికీలోంచే చూస్తన్నాను. ఒక్కనాడైనా దిగనిచ్చినావా?"

ఇద్దరి మాటా న్యాయమైనదే. పాత కట్టడంలో బస అంటే మనకు పూర్వం అక్కడ తిరిగినవాళ్ళ పక్కన కాసేపు చోటు అడగడం. నీటి పక్కన బస అంటే ఎవరి పక్కనా చోటు అవసరం లేకుండా కాసేపు ఉండడం. మావయ్యకు మొదటిది బాకీ. అత్తయ్యకు రెండోది బాకీ. రెండూ చూద్దామని బయలుదేరాం. పూరీ ముందు, చిలికా తర్వాత.

హౌరా నుంచి పూరీ వెళ్ళే రాత్రి బండి అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్ వస్తుంది. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో ఇంతకు మించింది లేదు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దీన్ని దాటేశాయి. పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే సగం ప్రయాణం ఈ ప్లాట్‌ఫారం మీదే అయిపోతుంది. మావయ్యకు రిటైరయ్యాక ఇచ్చే కాంప్లిమెంటరీ పాసు ఉంది. రైల్వే కుటుంబాల్లో పాసు అంటే టికెట్టు ఖర్చు మిగలడమే కాదు, ఇంటి పెద్ద జీవితానికి దొరికిన రసీదు. బండి కదలగానే పెట్టెలో సగం మంది బెంగాలీలు భోజనాల డబ్బాలు విప్పారు. దీఘా, పూరీ, దార్జిలింగ్. బెంగాలీ మధ్యతరగతి ఇంటికి సెలవులంటే ఈ మూడే. మూడింటి మొదటి అక్షరాలూ కలిపి 'దీ-పూ-దా' అని ముద్దుగా పిలుచుకుంటారు.

పూరీ స్టేషన్లో పట్టాలు అయిపోతాయి. ఖుర్దా రోడ్ నుంచి ఇక్కడికి నలభై నాలుగు కిలోమీటర్ల లైను 1897లో మొదలైంది. అంతవరకూ జగన్నాథుడి దర్శనానికి ఎడ్లబండ్ల మీదా కాలినడకనా వచ్చేవారు. రైలు వచ్చాక యాత్రికులు పెరిగారు. వాళ్ళతోపాటు దేవుడితో పని లేని మరో రకం ప్రయాణికులూ వచ్చారు. కలకత్తా ఎండలు పడలేక సముద్రపు గాలికి వచ్చే దొరలు, బెంగాలీ జమీందార్లు, వకీళ్ళు. వాళ్ళ కోసమే చక్రతీర్థ రోడ్డులో రైల్వే కంపెనీ ఒక పాత విల్లాను కొని, మార్పులు చేసి, 1925లో హోటల్ తెరిచింది. రాంచీలో అప్పటికే అలాంటిది ఒకటి ఉంది. ఈ రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆస్తి రైల్వేది. లీజు మీద ఒక ప్రైవేటు సంస్థ 'చాణక్య బీఎన్ఆర్' పేరుతో నడుపుతోంది.

రైలు కంపెనీలు హోటళ్ళు కట్టడం ఆ రోజుల్లో ప్రపంచమంతా ఉన్న పద్ధతి. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నెత్తిన 1873లో మిడ్‌లాండ్ గ్రాండ్ లేచింది. కెనడియన్ పసిఫిక్ రైల్వే 1888లో బాన్ఫ్ కొండల్లో ఒకటి, 1890లో లేక్ లూయిస్ ఒడ్డున మరొకటి కట్టింది. పట్టాలు వేయడానికి పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే జనం రైలెక్కాలి. జనం రైలెక్కాలంటే దిగినచోట మెత్తటి పరుపు ఉండాలి. కెనడా కంపెనీ సరస్సును అమ్మింది. మన కంపెనీ చేతిలోనూ చిలికా లాంటి సరస్సు ఉంది, కంపెనీ పట్టాలు ఆ సరస్సు ఒడ్డునే మైళ్ళకు మైళ్ళు నడుస్తాయి. అయినా హోటలు పెట్టింది మాత్రం పూరీలో. అక్కడ సముద్ర స్నానం ఉంది, సాయంత్రం ఎదురుపడి టోపీలెత్తి పలకరించుకోవడానికి మనుషులు ఉన్నారు. పాత హోటళ్ళు ఎప్పుడూ మనుషుల్ని చూసే చోటు ఎంచుకుంటాయి. మా పేచీకి మొదటి ఆధారం ఇక్కడ దొరికింది.

హోటల్లోకి అడుగు పెడుతూనే మావయ్య నడక మారింది. చెప్పులు చప్పుడు కాకుండా వేస్తున్నాడు. ఎత్తైన కప్పు, విశాలమైన వరండా, పాత రోజుల చెక్క సామాను, గోడల మీద రైల్వే జ్ఞాపకాలు. అతను చూసింది మాత్రం వాటిని కాదు. తలుపు గడియ, కిటికీ బందులు, మెట్ల పక్క ఇనప కమ్మీ. ఒక్కొక్కటీ వేలితో తడిమి, "ఇది పాత పని. ఈ బందు ఏ షాపులో పోత పోసినారో గాని, వందేళ్ళయినా కిర్రుమన్లేదు" అన్నాడు. ఆ భవనాన్ని ఇంత శ్రద్ధగా చూసిన అతిథి ఈమధ్య వచ్చి ఉండడు. అత్తయ్య గదిలోకి వెళ్ళి ఏసీ మోత విని, "గది బాగానే ఉంది. సముద్రం ఏదీ?" అంది. సముద్రం ఉంది, కొంచెం దూరాన. వందేళ్ళ కిందట మధ్యలో ఇసుక, సరుగుడు ఉండి ఉంటాయి. ఇప్పుడు మధ్యలో ఊరు ఉంది.

పాత హోటల్‌కి వెళ్ళేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. హోటల్ ఉన్నచోటే ఉంటుంది, ఊరు మాత్రం దాని చుట్టూ పెరుగుతుంది. చక్రతీర్థ రోడ్డు ఒకప్పుడు ఊరి చివర. ఇప్పుడు లాడ్జీలు, హాలిడే హోంలు, కొట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పండగ సెలవుల్లో, రథయాత్ర రోజుల్లో ఆటో కదలదు. అయితే ఊరు చుట్టుముట్టడంలో లాభం కూడా ఉంది. వరండాలోంచి లేచి పదడుగులు వేస్తే మనుషుల్లో ఉంటాం.

మేం లేచి వేసిన అడుగులు పెంఠకట వైపు. హోటల్‌ దగ్గర్నుంచి బీచి వెంట తూర్పుగా నడిస్తే వచ్చే జాలరి పేట అది. అక్కడ మాట్లాడేది తెలుగు. విశాఖ, శ్రీకాకుళం, గంజాం తీరాల నుంచి వేటకు వచ్చి, తరాలుగా అక్కడే నిలిచిపోయిన వాడబలిజలు, జాలార్లు. ఒడియావాళ్ళూ బెంగాలీలూ వీళ్ళను నొలియాలంటారు. పూరీ అలల్లో మునకలేసే యాత్రికుల చేయి పట్టుకుని నిలబడే మనుషులు వీళ్ళే. అంకె వేసిన కోసు టోపీ పెట్టుకుని పాత ఫోటోల్లో కనిపిస్తారు. దొరసానుల్ని అలల్లోకి తీసుకెళ్ళి క్షేమంగా ఒడ్డుకు చేర్చింది కూడా వీళ్ళే. పడవలు ఒడ్డెక్కి ఉన్నాయి. చేపల కుప్పల ముందు బేరాలు సాగుతున్నాయి. అత్తయ్య ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని వంజరం ధర అడిగింది. "కొనీదానివైతే అడుగు తల్లీ, వండుకోడానికి పొయ్యుందా నీకు హోటల్లో?" అని ఆమె నవ్వింది. ధర చెప్పలేదు గానీ, కూతురి పెళ్ళి ఇచ్ఛాపురం దగ్గర చేశామని, 2019 మే 3న ఫణి తుపాను వచ్చినప్పుడు ఇల్లు పైకప్పు లేచిపోయిందని చెప్పింది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మావయ్యకు పూరీలో ఇంకో చుట్టరికం ఉంది. జగన్నాథాలయాన్ని పన్నెండో శతాబ్దంలో కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి వంశానికి పాత రాజధాని కళింగనగరం. అంటే వంశధార ఒడ్డున ఉన్న మన ముఖలింగం. ఆలయంలో దర్శనం, ఆనంద బజారులో మట్టి కుండల్లో మహాప్రసాదం, గుడి ముందు పెద్ద వీధి బడదండ మీద సాయంకాలపు జనం. ఇవన్నీ హోటల్ నుంచి రిక్షా దూరంలో దొరుకుతాయి. తెల్లవారుజామున మంగళ హారతికి వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళకు ఊళ్ళో బసను మించింది లేదు.

ఆ రాత్రి హోటల్ భోజనశాలలో తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుని మావయ్య మటన్ కూరా అన్నం తిన్నాడు. వడ్డించే మనిషిని పేరు అడిగాడు, ఎన్నాళ్ళ సర్వీసని అడిగాడు, తనూ రైల్వే మనిషినేనని చెప్పాడు. ఆ మనిషి సెల్యూట్ లాంటిది ఒకటి కొట్టాడు. మావయ్య బాకీ అక్కడే తీరిపోయింది. తర్వాత గదిలోకి వెళ్ళి దుప్పటి ముసుగు పెట్టుకుని, ఝపేటాపూర్‌లో పడుకున్నట్టే గురకపెట్టి పడుకున్నాడు. ఏసీ వేసిన గదిలో దీపం ఆర్పేశాక 1925 అయినా ఒకటే, 2025 అయినా ఒకటే. పాత హోటల్ విలువంతా మనం మేలుకుని ఉన్నప్పుడే. వరండాలో, భోజనశాలలో, మెట్ల మీద.

మర్నాడు హోటల్ ముందు వరసగా కార్లు. "సాత్‌పడా, డాల్ఫిన్, సాయంత్రానికి వాపస్." పూరీలో దిగినవాళ్ళు చిలికాను చూసే పద్ధతి ఇది. సుమారు యాభై కిలోమీటర్లు కారులో పోయి, సాత్‌పడా రేవులో బోటెక్కి, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం వైపు వెళ్ళి, ఇరవాడీ డాల్ఫిన్లు వీపు చూపించేవరకూ ఎదురుచూసి తిరిగి వస్తారు. మొత్తం సరస్సులో ఆ డాల్ఫిన్లు నూట యాభై అటూ ఇటూ. అవి కనబడితే నాలుగువైపుల నుంచీ మోటారు బోట్లు అటే తిరుగుతాయి. ఇదంతా నడినెత్తి ఎండలో జరుగుతుంది. పూరీలో టిఫిను తిని బయలుదేరితే రేవు చేరేసరికి పొద్దెక్కుతుంది. చీకటి పడకముందే వెనక్కి రావాలి గనక మళ్ళీ మధ్యాహ్నమే తిరుగుముఖం పట్టాలి. నీటికి రంగు మారే వేళలు రెండూ ఆ లెక్కలోంచి జారిపోతాయి. ఆ కార్లు వదిలేసి మేం రైలెక్కి బాలుగావ్‌లో దిగాం.

చిలికా ఒడ్డున బసకు ముఖ్యంగా రెండు చోట్లు. బాలుగావ్ దగ్గర బర్కుల్, దానికి దక్షిణంగా గంజాం జిల్లాలో రంభా. రెండుచోట్లా ఒడిశా పర్యాటక సంస్థ వారి పాంథనివాస్‌లున్నాయి. బర్కుల్ నుంచి సరస్సు మధ్యలో ఉన్న కాళీజాయి గుడికీ, శీతాకాలపు పక్షులకు నెలవైన నలబణకూ దగ్గర. రంభా వైపు తూర్పు కనుమల కొండలు నీళ్ళ దాకా దిగివచ్చి, అక్కడక్కడ లంకలుగా తేలుతాయి. అత్తయ్య రంభా ఎంచుకుంది. "కొండా నీళ్ళూ రెండూ ఉన్నకాడ ఉందాం" అంది. బోటు మాట్లాడిన కుర్రాడు ముందు ఒడియాలో, తర్వాత హిందీలో మొదలుపెట్టి, మా మాటలు విని తెలుగులోకి దిగాడు. ఆశ్చర్యం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బరంపురంలో ఇవాళ్టికీ తెలుగు బజారు భాష.

సాయంత్రం ఆరయ్యాక రంభాలో చేయడానికి ఏమీ ఉండదు. ఆ మాట దాచకూడదు. కొట్లు కొద్ది. తినడానికి బస చేసినచోట వండిందే గతి. చిలికా రొయ్యలు, పీతలు బాగుంటాయి, అవి తినని ఇంటివాళ్ళకు పప్పూ ఆలూ వేపుడే. దోమలున్నాయి. మావయ్య వరండాలో అటూ ఇటూ తిరిగి, రైలు కూత వినిపించినప్పుడల్లా వాచీ చూసుకుని, అది ఏ బండో, ఎంత లేటో చెప్పాడు. "నీళ్ళెంతసేపు చూస్తాంరా? టీవీ అయినా పని చెయ్యదు" అని విసుక్కున్నాడు. నగరపు హోటల్లో గదిలోంచి బయటపడితే ఊరు కాలక్షేపం చేయిస్తుంది. ఇక్కడ ఎవరి కాలక్షేపం వాళ్ళే తెచ్చుకోవాలి. ఇద్దరు మనుషులకు మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోతే సరస్సు ఒడ్డున రాత్రి చాలా పొడుగు.

కానీ తెల్లవారుజామున లెక్క తారుమారైంది. సూర్యుడు లేవకముందే జాలర్ల నాటు పడవలు గడకర్ర మీద కదిలాయి. వలలకు పాతిన గెడలు వరసగా నీళ్ళలోంచి తేలాయి. మోటారు బోటు ఒక్కటీ లేదు. కొండ నీడ సరస్సు మీద పడి, ముందు బూడిద రంగు, తర్వాత గులాబీ, తర్వాత ఇత్తడి రంగు తేలింది. కొంగలు, నీటికాకులు, పేరు తెలియని తెల్లటి పక్షుల బారు. అత్తయ్య కాళ్ళు నీళ్ళలో పెట్టి మెట్టు మీద కూర్చుంది. రైలు కిటికీలో ఇన్నేళ్ళూ ఈ సరస్సు కొద్ది నిమిషాలు మెరిసి పోయేది. ఇక్కడ అది కదలదు, మనం కదలక్కర్లేదు. తొమ్మిదయ్యేసరికి కార్లు వచ్చాయి, బోట్ల ఇంజన్లు లేచాయి, రంగులు పోయాయి, మామూలు ఎండ వచ్చింది. ఒడ్డున నిద్రపోయినవాళ్ళకు దక్కినది, పగలు వచ్చి పోయేవాళ్ళకు డబ్బిచ్చినా దక్కదు.

చరిత్ర అంటే హోటల్ గోడల్లోనే ఉంటుందనుకుంటే ఈ నీటికి అన్యాయం చేసినట్టే. సముద్రంతో కలిసే ఉప్పునీటి సరస్సుల్లో ఆసియాలోకెల్లా పెద్దది ఇది. మన పులికాట్ దేశంలో దీని తర్వాతిది. ఎండాకాలం సుమారు 900, వానాకాలం 1100 చదరపు కిలోమీటర్ల పైన విస్తరిస్తుంది. నదుల మంచినీళ్ళూ సముద్రపు ఉప్పునీళ్ళూ ఇందులో కలుస్తాయి. 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద మన దేశం ప్రకటించిన తొలి రెండు చిత్తడి నేలల్లో ఇదొకటి. తర్వాత పూడిక పేరుకుని, సముద్రంతో కలిసే దారి మూసుకుపోతూ వచ్చింది. ఉప్పదనం తగ్గింది, నాచూ గడ్డీ కమ్ముకున్నాయి, చేప పడిపోయింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికకెక్కింది. రొయ్యల చెరువుల గట్లు అటు పక్క, పొట్టకూటి కోసం జాలర్ల ఉద్యమాలు ఇటు పక్క. 2000 సెప్టెంబరులో సాత్‌పడా వైపు ఇసుక దిబ్బను తవ్వి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. ఉప్పునీరు తిరిగి వచ్చింది, దానితో చేపా వచ్చింది. 2002లో ఆ ప్రమాద పట్టికలోంచి చిలికా పేరు తీసేశారు. ఇటీవలి శీతాకాలపు లెక్కల్లో ఇక్కడికి వచ్చే పక్షులు పది లక్షలు దాటుతున్నాయి. చావు అంచుదాకా పోయి తిరిగొచ్చిన సరస్సు ఒడ్డున బస చేస్తున్నామని తెలిస్తే, బోటువాడితో బేరమాడే తీరు మారుతుంది.

రంభాలో రెండు కోరికలనూ ఒకే చూరు కింద తీర్చే భవనం ఒకటుంది. నీళ్ళ అంచున ఉన్న రంభా ప్యాలెస్. 1790ల మొదట్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ అనే ఇంగ్లీషు దొర దీన్ని కట్టించుకున్నాడు. ఆ దుబారాకే ఉద్యోగం ఊడిందని, పింఛను కోసం లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసు ముందు వీధి ఊడ్చి కంపెనీ పరువు తీశాడని, పింఛను మంజూరవగానే దర్జాగా గుర్రపు బండిలో వచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. తర్వాత ఈ భవనం ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకటి కావాలన్న ఆలోచన ఇక్కడి మంతనాల్లో బలపడి, 1903లో కటక్‌లో ఉత్కళ సమ్మిళని రూపం తీసుకుంది. అంటే గంజాం మన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోవడానికి విత్తనం పడ్డ చోట్లలో ఇదొకటి. భవనాన్ని బాగుచేసి ఇప్పుడు హోటల్‌గా నడుపుతున్నారు. అందులో గది సామాన్యుడి జేబుకు బరువే. పాంథనివాస్‌లో దిగినవాళ్ళకు మాత్రం అదే నీరు, అదే పొద్దు, అదే కొండ, చాలా తక్కువలో.

ఇక తీర్పు. ఇంట్లో వృద్ధులుండి, దర్శనమే ముఖ్యమైతే పూరీ ఊళ్ళోనే దిగండి. పాత హోటల్ కావాలంటే పాతదే, లేదంటే ఏ శుభ్రమైన లాడ్జి అయినా సరే. పాత హోటల్‌ను చూడాలన్న కోరిక మాత్రమే ఉంటే అక్కడ పడుకోనక్కర్లేదు. బయటివాళ్ళను అనుమతిస్తారేమో ఫోన్ చేసి కనుక్కుని, ఒక పూట భోజనానికి వెళ్ళండి. వరండాలో కాసేపు కూర్చోండి, గడియలూ బందులూ చూడండి. వందేళ్ళ కట్టడం పట్టపగలే తన కథంతా చెప్పేస్తుంది. సరస్సు అలా చెప్పదు. దాని దగ్గర రాత్రి ఉండి, తెల్లవారుజామున లేవాలి. పగటిపూట చిలికా చూసి వచ్చామనేవాళ్ళు టికెట్టు డబ్బుకు ఎండ కొనుక్కున్నట్టే.

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. హౌరా వైపు పోయే బండిలో బరంపురం, హుమ్మా ఉప్పు మళ్ళు దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి, పక్షులుంటాయి. మకర సంక్రాంతికి కాళీజాయి జాతర ఉంటుంది, ఆ రోజుల్లో గది ముందే చూసుకోండి. దోమతెర తీసుకెళ్ళండి, మాట్లాడుకునే మనిషిని వెంట తీసుకెళ్ళండి. డాల్ఫినో పక్షుల గుంపో కనబడితే ఇంజను ఆపి దూరాన నిలబడమని బోటు అతనికి ముందే చెప్పండి. దగ్గరగా పోతే ఇంకో వంద ఇస్తామనకండి. చేతిలో ఒక్క రాత్రే ఉంటే ఖుర్దా రోడ్ చీలిక దగ్గర పూరీ వైపు తిరగకుండా చిలికా వైపే వెళ్ళండి.